కామేశం గారి చిల్లు

గుత్తుల వీరవేణి ఇంటి కప్పు కారుతుందన్న సంగతి తెలుగు చదువుకున్న వాళ్ళందరికీ తెలుసు. ఊరికే తెలియడం కాదు, పరీక్ష రాసి మరీ తెలుసుకున్నారు.

దానికి కారణం పరిమి కామేశం గారు. ఆయన కుర్రతనంలో కొర్రలంక బడిలో మేష్టరుగా పనిచేస్తూ, ఆ ఇంట్లో వీధివైపు గది అద్దెకు తీసుకుని, 'చూరు కింద చెంబు' అనే నవల రాశారు. అందులో పేద మేష్టరు ఒకడుంటాడు. వాన కురిసినప్పుడల్లా కప్పుకున్న చిల్లులోంచి నీటిబొట్టు సరిగ్గా అతని గుండెల మీద పడుతుంది. మనబోటి వాళ్ళమైతే మంచం జరుపుకుంటాం. అతను నవల్లో మనిషి కాబట్టి జరపడు. గుండెల మీద కంచుచెంబు పెట్టుకుని, అది నిండేదాకా జీవితం గురించి ఆలోచిస్తాడు. ఈ ఘట్టాన్ని పదో తరగతి వాచకంలో పెట్టారు. 'చెంబు దేనికి ప్రతీక?' అన్నది పరీక్షలో ఖాయంగా వచ్చే ప్రశ్న. వీరవేణి మొగుడు అబ్బులు ఆ ప్రశ్న దగ్గరే బోల్తా కొట్టి, చదువుకి దణ్ణం పెట్టి కొబ్బరికాయలు దింపే పనిలోకి దిగాడు. "మా ఇల్లే నన్ను ఫెయిల్ చేసేసిందండి" అని ఇప్పటికీ కనిపించిన వాళ్ళందరికీ గర్వంగా చెప్పుకుంటాడు.

వీరవేణికి మాత్రం ఆ పాఠమంటే ఒళ్ళు మంట. అందులో ఇంటి యజమాని ఒకడున్నాడు. కప్పు బాగు చేయించమంటే మీసం దువ్వుకుని, "అద్దె ఇంటికి తీసుకున్నావా, ఆకాశానికి తీసుకున్నావా?" అంటాడు. ఆ యజమాని ఎవరో కాదు, కాలం చేసిన ఆమె మావగారు సూరయ్య. ఎదురుగా పిల్లి వస్తే పక్కకి తప్పుకుని దారిచ్చే మనిషి. ఆయన్ని రాష్ట్రంలో పిల్లలందరూ ఏటేటా తిట్టుకుంటూ పెద్దవాళ్ళవుతుంటే, ఆయన చేతి అన్నం తిన్న కోడలికి కడుపు రగిలిపోదూ మరి?

సరే, ఆ రగలడం ఎప్పుడూ ఉన్నదే. ఇప్పుడు వచ్చి పడ్డది వేరు. ఒకప్పుడు కామేశం గారున్న గదిలోనే వీరవేణి పూతరేకులు చేస్తుంది. బోర్లించిన కుండ కింద కొబ్బరాకు మంట, కుండ మీద పల్చటి బియ్యప్పిండి నీళ్ళలో ముంచిన గుడ్డ ఒక్క విసురు, చర్రుమని రేకు లేస్తుంది. ఆ రేకుకి చెమ్మ తగిలిందంటే అంతే సంగతులు. గాజుపొరలా పెళపెళలాడేది కాస్తా తడిసిన కాగితమై కూర్చుంటుంది. శ్రావణంలో పెళ్ళిళ్ళు. టౌను కొట్టాయన ముందే చెప్పేశాడు, పోయినేడు రేకులు మెత్తబడి పరువు పోయిందనీ, ఈ శ్రావణం కూడా అలాగే అయితే వేరే ఊరి సరుకు చూసుకుంటాననీ. అందుకని వీరవేణి కొత్త పెంకు కొని గోడవారగా పేర్పించింది. వానలు పడేలోగా కప్పు మార్చేయాలి. ఆమెకి కావలసింది అదొక్కటే.

సరిగ్గా అప్పుడే ఊళ్ళోకి సాహిత్యం వచ్చింది.

జీపుల్లో వచ్చింది. 'సాహితీ స్మృతిపథ సాధికార మండలి' అని దాని పేరు. మహారచయితలు తిరిగిన ఊళ్ళలో జనం నడిచి సంస్కారం పొందాలని మండలి వారి సంకల్పం. రేవు దగ్గర మొదలై, బడి మీదుగా, వీరవేణి ఇంటి ముందు నుంచి కొబ్బరితోటలోకి దారి గీశారు. ఇంటి ముందు పెద్ద బోర్డు పాతారు. 'కీర్తిశేషులు పరిమి కామేశం గారు నివసించిన గృహం' అని. మండలికి ప్రత్యేకాధికారి చిదంబర ప్రసాద్ గారు. ఎండలో కూడా కోటు వేసుకునే మనిషి. ఆయన బోర్డుకి నమస్కారం పెట్టి, వెనక్కి తిరిగేసరికి గోడవారన పెంకులు కనిపించాయి.

"ఇవి ఏమిటమ్మా?"

"కొత్త పెంకండి. కప్పు కారతందండి."

చిదంబర ప్రసాద్ గారు కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకున్నారు.

"ఇంకా కారుతోందా! ఎంతటి అదృష్టం! అమ్మా, మీరు కారడం అంటున్నది కారడం కాదు. తెలుగు జాతి ఆర్ద్రత."

"ఏదైనా గానీండి, కింద రేకులు తడిసిపోతన్నాయండి."

"ఇక మీదట ఈ కప్పు మీద చేయి వేయడం శిక్షార్హమైన నేరం" అన్నారాయన అంతే ఆప్యాయంగా. ఆ సాయంత్రమే కొత్త పెంకుని జీపుకెక్కించి, 'అపాయకర వస్తువులు' అని చీటీ అంటించి తీసుకుపోయారు.

వీరవేణి తాసిల్దారు ఆఫీసుకి వెళ్ళింది, సర్పంచి గారింటికి వెళ్ళింది. అందరూ ఆమెకి అభినందనలు చెప్పి పంపారు.

మండలి వారికి ఒక మూలసూత్రం ఉంది. దాని పేరు పాఠానుగుణ్యత. అంటే, నడకదారిలో కంటికి కనిపించేది ఏదైనా సరే పుస్తకంలో ఉన్నట్టే ఉండాలి. పుస్తకంలో ఉన్నది అక్కడ లేకపోతే తయారు చేయాలి, లేనిది ఉంటే తీసేయాలి. ఈ సూత్రం పట్టుకుని ఇంజినీర్లు నిచ్చెన వేసుకుని ఇల్లంతా వెతికారు. కిందికి దిగి మొహాలు వేలాడేశారు. కప్పుకి చిల్లులు చాలానే ఉన్నాయి గానీ, ఒక్కటీ నవల్లో చెప్పిన చోట లేదు. నవల ప్రకారం చిల్లు గది నడిమధ్యన, దూలానికి తూర్పున ఉండాలి. అక్కడ కప్పు లక్షణంగా ఉంది.

చిదంబర ప్రసాద్ గారు తర్జనభర్జన పడి ఉత్తర్వు వేశారు. ఉన్న చిల్లులన్నీ అనధికారమైనవి, మూసేయాలి. అసలు చిల్లుని యథాస్థానంలో పునరుద్ధరించాలి.

మొదటి సగం విని వీరవేణి చేతులెత్తి మొక్కింది. రెండో సగం చేతల్లో చూసింది. ఇద్దరు మనుషులు పైకెక్కి, అన్ని చిల్లులూ ముచ్చటగా మూసి, గది నడిమధ్యన బాగున్న పెంకు తీసి పగలగొట్టి, కొలత చూసి మళ్ళీ పెట్టారు. దాని కింద సరిగ్గా ఆమె కుండ ఉంది.

"అయ్యా, అది నా పొయ్యండీ!" అంది వీరవేణి.

"నవల్లో పొయ్యి ప్రస్తావన లేదమ్మా" అన్నారు చిదంబర ప్రసాద్ గారు. "మంచం ఉంది. మంచం వేయిస్తాం."

మంచం వచ్చింది. మంచం మీదికి చెంబు వచ్చింది. నడిచే జనం కూడా వచ్చారు, నెత్తిన ఒకే రకం టోపీలు, చేతుల్లో నవల. కానీ ఎండాకాలం కదా, చిల్లులోంచి వెలుగు తప్ప ఇంకేమీ పడలేదు. జనం చిన్నబుచ్చుకున్నారు. ఒకాయన, "టిక్కెట్టు కొన్నాం, చుక్కన్నా లేదు" అని ఫిర్యాదు కూడా రాశాడు. మండలి అత్యవసరంగా సమావేశమైంది. కప్పు మీద డ్రమ్ము పెట్టి, దానికి కుళాయి బిగించి, చూసుకోవడానికి ఒక ఉద్యోగిని వేశారు. ఆయన హోదా 'బిందు పర్యవేక్షకుడు'. కప్పు మీద గొడుగు వేసుకుని కూర్చుని, టోపీలు మలుపు తిరగగానే కుళాయి తిప్పేవాడు. నవల్లో బొట్టు బొట్టుకీ నడుమ మేష్టరు ఒక నిట్టూర్పు విడుస్తాడు కాబట్టి, ఈయన కూడా పైన నిట్టూర్చి మరీ వదిలేవాడు.

పొయ్యి అరుగు మీదికి మార్చింది వీరవేణి. అరుగు నడకదారికి కనిపిస్తుంది గనక అక్కణ్ణించి తీయించారు. వంటగదిలో పెట్టుకుంటే పొగకి ఊపిరాడలేదు, చెమ్మ గోడల్లోంచి అక్కడికీ పాకింది. చేసిన రేకు చేసినట్టే ముడుచుకుపోయేది. ఆమె వాటిని చూసి ఏడ్చింది. ఎవరూ చూడకుండా కాదు, అందరూ చూసేలాగే ఏడ్చింది. టోపీల వాళ్ళు అది కూడా నవల్లో భాగమనుకుని, పేజీలు తిప్పి వెతుక్కున్నారు.

ఇంట్లో ఆమె పక్షాన ఉండవలసిన అబ్బులు కూడా ఉండకుండా పోయాడు. నవల్లో యజమాని ఉన్నాడు కదా, ఆ యజమానికి వారసుడు ఇతనే కదా! మీసం పెంచమన్నారు. రోజుకింత గౌరవ భృతి అన్నారు. అరుగు మీద కూర్చుని, జనం రాగానే మీసం దువ్వి ఆ డైలాగు చెప్పాలి. కొబ్బరిచెట్టు ఎక్కి దిగేవాడికి కూర్చుని మీసం దువ్వే ఉద్యోగం వస్తే ఎవడు కాదంటాడు? అబ్బులు పొద్దున్నే నూనె రాసుకుని సిద్ధమైపోయేవాడు.

"అద్దె ఇంటికి తీసుకున్నావా, ఆకాశానికి తీసుకున్నావా?" అనేవాడు గర్జించినట్టు. జనం చప్పట్లు కొట్టేవారు.

"సిగ్గులేదేంటయ్యా నీకు?" అంది వీరవేణి. "అది మీ నాన్నని తిట్టడం కాదా?"

"మా నాన్నేంటే, పాత్రే అది! సారు చెప్పేరు. పాత్రకీ మనిషికీ సంబంధం ఉండదంట."

"మరి నవలకీ కప్పుకీ ఎందుకుంటదంట?"

ఈ ప్రశ్న పదో తరగతిలో రాలేదు కాబట్టి అబ్బులు మీసం దువ్వుకుంటూ వెళ్ళిపోయాడు.

ఇలా జరుగుతుండగా హైదరాబాదు నుంచి మండలికి ఫోను వచ్చింది. చేసినవారు కామేశం గారు. తాను కీర్తిశేషుణ్ణి ఎప్పుడయ్యానో తేదీ చెబితే ఇంట్లో వాళ్ళకి చెప్పుకుంటానని అడిగారట. మండలిలో కలకలం రేగింది. పదో తరగతి వాచకంలో ఉన్న రచయిత బతికి ఉంటాడని ఎవరనుకుంటారు? బతికున్నవాడికి స్మృతిపథం వేయడానికి నిబంధనలు ఒప్పుకోవు. కానీ డ్రమ్ము కొనేశారు, పర్యవేక్షకుణ్ణి వేసేశారు. చివరికి బోర్డు మీద 'కీర్తిశేషులు' అన్న చోట తెల్లకాగితం అంటించి, ఆయన్నే సన్మానానికి పిలవాలని తీర్మానించారు.

ఆయన వచ్చారు. ఎనభై దాటిన మనిషి, చేతికర్ర, పంచె, చిలిపి చూపు. పూలదండతో గదిలోకి తీసుకొచ్చి మంచం పక్కన నిలబెట్టారు. చిదంబర ప్రసాద్ గారు చెయ్యి ఊపారు. పైన నిట్టూర్పు వినిపించింది. టప్పున బొట్టు పడింది, చెంబులో కాదు, కామేశం గారి బట్టతల మీద.

"ఇదేమిటయ్యా!" అన్నారాయన ఉలిక్కిపడి. "ఈ కప్పు అప్పట్లో కూడా కారలేదే!"

గదిలో అందరూ బిగుసుకుపోయారు.

"నిజం. నేను చేరిన కొత్తలో ఒక్క రాత్రి నాలుగు చుక్కలు పడ్డాయంతే. తెల్లవారగానే సూరయ్య తానే నిచ్చెన వేసుకుని ఎక్కి పెంకు మార్చేశాడు. దిగి, 'తడిసేరా మేష్టారూ' అని నా పక్క తన చేత్తో ఎండలో వేశాడు. అంత మంచివాడితో నవల ఎలా నడుస్తుంది? అంచేత మార్చాను." ఆయన గుమ్మంలో నిలబడ్డ వీరవేణిని చూశారు. "నువ్వు సూరయ్య కోడలివా అమ్మా? మీ మావగారు నవల చదివించుకుని విన్నాడు. 'బాగుందండి, ఆ యజమాని ఎవడో గానీ వట్టి ఎదవండి' అన్నాడు. తనేనని అతనికి తట్టలేదు. నాకు చెప్పే ధైర్యం లేకపోయింది."

వీరవేణికి ఇన్నేళ్ళుగా మోస్తున్న బరువేదో దిగినట్టయింది. అరుగు మీద అబ్బులు మీసం మీది నుంచి చెయ్యి తీసేశాడు.

"ఇన్నారా అండీ?" అందామె చిదంబర ప్రసాద్ గారితో. "రాసినాయనే చెప్తన్నారు కదండీ. ఇంక చిల్లు మూయించండి."

చిదంబర ప్రసాద్ గారు గొంతు సవరించుకున్నారు. "రచయిత గారి పట్ల మాకు అపారమైన గౌరవం ఉంది. అయితే రచయిత జ్ఞాపకానికీ రచనకీ వైరుధ్యం ఏర్పడినప్పుడు, నిబంధనావళి ప్రకారం రచనే ప్రమాణం. వారు నోటితో చెప్పేది వారి వ్యక్తిగత అభిప్రాయం. అచ్చయితే తప్ప మండలి పరిగణించజాలదు."

"నా చిల్లు గురించి నాది వ్యక్తిగత అభిప్రాయమా?" అన్నారు కామేశం గారు.

"చిల్లు ఇప్పుడు జాతిది సార్" అన్నారు చిదంబర ప్రసాద్ గారు వినయంగా.

సన్మానం అయ్యాక వీరవేణి పెద్దాయన్ని వంటింట్లోకి పిలిచి పీట వేసి, ఉన్నవాట్లో మెత్తబడని పూతరేకు ఏరి నెయ్యీ బెల్లం వేసి పెట్టింది. ఆయన నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకున్నారు.

"బాబూ, అచ్చయితే ఒప్పుకుంటారంట. అచ్చేయించండి."

"నేను రాయడం మానేసి చాలా కాలమైందమ్మా. చెయ్యి వణుకుతుంది."

"అప్పుడేదో రాసేరు, మా మావగారు చెడ్డోడైపోయేడు. ఇప్పుడు నా పొయ్యారిపోయింది. శ్రావణం వచ్చేత్తంది. మీరు కాకపోతే ఎవరు సరిచేత్తారండీ?"

పెద్దాయన రేకు పూర్తిగా తిని, చేయి కడుక్కుని, "రాస్తాను" అన్నారు.

అన్నట్టే రాశారు. ఒక వారపత్రికలో చిన్న కథగా వచ్చింది. యజమాని మంచివాడవుతాడు, నిచ్చెన వేస్తాడు, ఇంటికి కొత్త పెంకు వేస్తాడు, ఆ తరవాత ఆ కప్పు ఎన్నడూ కారదు. కథ వచ్చిన మర్నాడే జీపులు వచ్చాయి. చిదంబర ప్రసాద్ గారు పత్రిక చేత్తో పట్టుకుని, పేరా పేరా చదివి వినిపిస్తూ పని చేయించారు. 'అపాయకర వస్తువులు' తిరిగొచ్చాయి. డ్రమ్ము దిగింది. బిందు పర్యవేక్షకుణ్ణి వేరే ఊరికి బదిలీ చేశారు, అక్కడ ఏదో నవల్లో ఈదురుగాలి ఉందట. అబ్బులు మీసం గొరిగించుకుని మళ్ళీ కొబ్బరిచెట్టు ఎక్కాడు. ఆషాఢం వాన ఊరంతా దంచి కొడుతుంటే వీరవేణి తన గదిలో తన పొయ్యి ముందు కూర్చుని, పొడిగా పెళపెళలాడే రేకు ఎత్తి చూసుకుని, తనలో తనే నవ్వుకుంది. కొట్టాయన ఆర్డరు పంపాడు.

కానీ కామేశం గారు రచయిత. రచయితకి కథ అక్కడితో ఆపడం చేతకాదు. చివర్లో సొంతంగా ఒక్క వాక్యం తగిలించారు. 'ఆ ఇంటి కోడలు చల్లని తల్లి. ఆ గుమ్మం ముందు నుంచి నడిచిపోయే వాళ్ళెవరినీ నోట్లో పూతరేకు పెట్టకుండా పంపేది కాదు.'

కొట్టాయన ఆర్డరు వచ్చిన మర్నాడే మండలి వారి చదువు ఆ చివరి వాక్యం దాకా వచ్చింది. వీరవేణి తలుపు తీసేసరికి వీధంతా టోపీలు. అందరూ నోళ్ళు తెరుచుకుని నిలబడ్డారు.

"ఏంటండీ ఇది?"

"పాఠానుగుణ్యత" అన్నారు చిదంబర ప్రసాద్ గారు పత్రిక చూపించి. "నోట్లో పెట్టాలి. చేతికివ్వడం కుదరదు."

శ్రావణం పెళ్ళిళ్ళకి దాచిన రేకులు ఒక్క పూటలో సాహిత్యాభిమానుల కడుపుల్లోకి వెళ్ళిపోయాయి. ఒకాయన రెండోసారి వరసలో నిలబడి, కథలో ఎన్నిసార్లని చెప్పలేదు కదా అన్నాడు. వీరవేణి సాయంత్రానికి భుజం లాగేస్తుండగా ఫోను తీసి పెద్దాయనకి చేసింది.

"బాబూ, చల్లని తల్లినని రాయమని మిమ్మల్ని నేనడిగేనా అండీ?"

జరిగింది విని కామేశం గారు నొచ్చుకున్నారు. "అయ్యో, నీ చేతి రుచి మరిచిపోలేక రాశానమ్మా. ఇంకో కథ రాస్తాను. ఆ కోడలు పుట్టింటికి వెళ్ళిపోయిందని రాయనా?"

"నన్ను బండెక్కించి పంపేత్తారండి."

"పోనీ, జబ్బు చేసిందని?"

"ఆస్పత్రిలో పడేత్తారు. ఒద్దండి."

"కాలం చేసిందని రాస్తే?" అన్నారాయన భయపడుతూనే.

"కర్రలు పట్టుకొచ్చేత్తారండీ బాబూ! ఆల్ల సంగతి మీకు తెలీదు. నే చెప్తాను, అదే రాయండి. మీ సొంతం ఒక్క ముక్క కలపకండి. ఆవిడ తలుపేసుకుంది. అంతే. చుక్క పెట్టేయండి."

"తలుపేసుకుంది. సరే. మరి ఆ ఇంట్లో ఇంకేమున్నాయమ్మా? నాకు సరిగా గుర్తులేదు. కాస్త వర్ణన ఉంటే బాగుంటుంది."

"ఏం లేవండి. తలుపొక్కటే" అంది వీరవేణి.

తెలుగు సాహిత్యంలో అంత పొట్టి కథ అంతకు ముందు రాలేదని విమర్శకులు మెచ్చుకున్నారు. ఆ వారం టోపీలు వచ్చేసరికి వీధి తలుపు మూసి ఉంది. చిదంబర ప్రసాద్ గారు గొంతు తగ్గించి, ఎవరూ తలుపు తట్టకూడదని, దగ్గకూడదని, తలుపుకి ఇవతల ఉన్నది సమాజమనీ అవతల ఉన్నది మహా మౌనమనీ వివరించారు. ఇద్దరు ముగ్గురు కళ్ళు తుడుచుకున్నారు. ఒకావిడ తలుపుకి దణ్ణం పెట్టింది.

అంతలో కొబ్బరి దింపు ముగించుకుని, భుజాన చెట్టెక్కే మోకు వేసుకుని, ఆకలితో అబ్బులు వచ్చాడు.

"ఏమే, తలుపు తియ్యి!"

చిదంబర ప్రసాద్ గారు అడ్డం పడ్డారు. "కథలో మూసుకున్నట్టు ఉంది. తెరిచినట్టు లేదు."

"మరి నేనెలా ఎల్లాలండి? నా ఇల్లండీ ఇది!"

"మీ ప్రస్తావన కథలో లేదు" అన్నారాయన సానుభూతిగా.

అబ్బులు దిక్కు తోచక ఇంటి పక్క సందులోకి తిరిగాడు. కిటికీ రెక్క కొంచెం తెరుచుకుంది. లోపల కొబ్బరాకు మంట చిటపటలాడుతోంది. వీరవేణి మొహం కనిపించింది.

"పెరట్లోంచి రావయ్యా, అరవకు" అంది మెల్లగా. "కొట్టాయన కూడా అట్నుంచే సరుకు పట్టుకెళ్ళేడు. పెరటి తలుపు ఉందని ఆ పెద్దాయనకి నేను చెప్పలేదు."